నక్క చెప్పిన పొలిమేరలు

ఊటలోయలో ఎండకి నేల మీద వాలడం అంత తేలిక కాదు. పైన మద్ది, పనస, అడవిమామిడి కొమ్మలు ఒకదానిలో ఒకటి చేతులు దూర్చుకుని నిలబడి ఉండేవి. వాటి కింద జీలుగు చెట్లు, ఆ కింద వెదుళ్లు, అన్నిటి కిందా నాచు పట్టిన బండలు. వాన వెలిసిన చాలాసేపటికి కూడా ఆకుల మీంచి వాన కురుస్తూనే ఉండేది. ఆ లోయలో ఆరిన చోటు వెతకడం కన్నా తడవడం అలవాటు చేసుకోవడం నయమని ముళ్లపంది సింగారమ్మ కొత్తగా పుట్టిన పిల్లలకి చెప్పేది.

సింగారమ్మకి ఒంటి మీద ఎన్ని ముళ్లున్నాయో నాలుక మీదా అన్నే ఉన్నాయని ఇరుగుపొరుగు అనుకునేవారు. పక్క గుహలో ఎలుగుబంటి పండయ్య ఉండేవాడు. కోపం తొందరగా వచ్చేది, ఆకలి ఇంకా తొందరగా వచ్చేది. ఎదుట పొదల్లో కొండగొర్రె ముత్తక్క ఉండేది. ఆకు రాలినా అరిచేది, రాలకపోయినా అరిచేది. వీళ్లూ, వీళ్ల చుట్టాలూ, తాతముత్తాతల నాటినుంచీ ఆ లోయలోనే పుట్టి ఆ లోయలోనే మట్టిలో కలిశారు.

వాళ్లకి కొన్ని కట్టుబాట్లుండేవి. దుంప తవ్వితే దాని తల మళ్లీ మట్టిలో పెట్టి రావాలి. తేనెపట్టు దింపితే ఒక పక్క ఈగలకి వదిలేయాలి. ఊట పుట్టే చోట ఎవరూ కాలు పెట్టకూడదు. ఈ మాటలు చెప్పడానికి పెద్దలుండేవారు, వినడానికి పిల్లలుండేవారు, అంతే. కంచె లేదు, కాపలా లేదు. ఈ లోయ ఎవరిదని అడిగినవాళ్లు కూడా లేరు.

అలా ఉండగా ఒకరోజు పొద్దున్నే ముత్తక్క గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టింది.

సింగారమ్మ బొరియలోంచి తల బయటపెట్టింది. "ఏమే ముత్తీ, ఇవాళ ఏ ఆకు రాలింది?"

"ఆకు కాదు వదినా! వాసన! చెట్టు చెట్టుకీ వాసన!"

సింగారమ్మ ముక్కు ఎగబీల్చి తుమ్మింది. నిజమే. నక్క ఉచ్చ వాసన. తేనెబండ దగ్గర మొదలై లోయ చుట్టూ తిరిగి మళ్లీ తేనెబండ దగ్గరికే వచ్చింది.

ఆ తేనెబండ మీదే, తోక కాళ్ల చుట్టూ చుట్టుకుని, పెళ్లిపెద్దలా కూర్చుని ఉన్నాడు ఒక నక్క.

"అందరికీ నమస్కారం. నన్ను వీరభద్రం అంటారు. మాది కిందపల్లం. ఇవాళ్టినుంచీ ఈ లోయ నా సంరక్షణలో ఉంది."

"సంరక్షణా? దీనికేం జబ్బు చేసింది బాబూ?" అంది సింగారమ్మ.

"అదే మీకు తెలియడం లేదు. ఎలుగులు పుట్టలు పెళ్లగిస్తున్నారు. ముళ్లపందులు బెరడు కొరుకుతున్నారు. కొండగొర్రెలు లేత మొక్కలు మేస్తున్నారు. ఇలా అయితే ఈ అడవి ఏమైపోవాలి? అడవి బతకాలంటే మీరంతా బయటికి వెళ్లాలి. అడవి మీద ప్రేమకొద్దీ చెబుతున్నాను."

"మా తాతలు మేశారు, తండ్రులు మేశారు. అడవి చావలేదే!" అన్నాడు పండయ్య గుర్రుమంటూ.

"అదృష్టం. ఎన్నాళ్లని అదృష్టాన్ని నమ్ముకుంటారు?"

"మీ కిందపల్లంలో కూడా మంచి అడవి ఉండేదిగా. అదేమైంది?" అంది సింగారమ్మ.

వీరభద్రం ఒకసారి దగ్గాడు. "అదా... అది బాగా అభివృద్ధి అయింది."

అభివృద్ధి అంటే ఏమిటో పండయ్యకి తెలియలేదు గానీ సింగారమ్మకి తెలుసు. పల్లం వైపునుంచి వచ్చిన అడవికోళ్లు చెప్పాయి. అక్కడిప్పుడు దాక్కోవడానికి పొద లేదు. పొద లేకపోతే కోడికి, కుందేలుకి గండం, నక్కకి పండగ. వీరభద్రం పొట్ట చూస్తే ఆ పండగ చాలాకాలం జరిగిందని తెలుస్తూనే ఉంది. అక్కడ తినేవి అయిపోయి ఇప్పుడు పైకొచ్చాడు.

"ఎవరిచ్చారు నీకీ పెత్తనం?" అని అడిగింది.

"పులిదొర. పొలిమేర చుట్టూ ఎవరి గుర్తుంటే నేల వాళ్లది. దొరగారి చట్టం అది. నా గుర్తు వాసన మీకు తగిలే ఉంటుంది. వానలు తగ్గేలోగా సర్దుకోండి."

పండయ్య ముందుకు దూకబోయాడు. సింగారమ్మ అతని కాలి మీద ఒక ముల్లు గుచ్చి ఆపింది. "వీణ్ని కొడితే దొరని కొట్టినట్టవుతుందిరా తమ్ముడూ. ముందు దొర దగ్గరికి పోదాం పద."

* * *

ఊటలోయ నీళ్లన్నీ ఒక్కటై, కొండ చివర జలపాతంలా దూకి, కింద పులిదొర మడుగులో పడేవి. ఆ మడుగంటే దొరకి ప్రాణం. ఎండకాలం, వానకాలం అని లేకుండా మెడదాకా నీళ్లలో కూర్చునే కొలువు తీర్చేవాడు. చెడ్డవాడని చెప్పలేం. కానీ లేచి వెళ్లి చూడాలంటే బద్ధకం. కూర్చున్నచోటే చెప్పినవాడి మాట వినేవాడు. వీరభద్రం అందరికన్నా ముందుగా వచ్చి చెప్పాడు.

ముగ్గురూ వెళ్లి గట్టున నిలబడ్డారు. ఉన్నదంతా చెప్పుకున్నారు. దొర కళ్లు మూసుకునే విన్నాడు.

"అంతా సరే. మీ గుర్తేదీ?" అన్నాడు.

"మా ఇంటికి మేం గుర్తు పెట్టుకోవడమేమిటి దొరా? మా అమ్మ పుట్టిన బొరియలోనే నేను పుట్టాను. తరతరాలుగా మావాళ్ల ముళ్లు రాసుకుని దాని గోడలు నున్నగా అద్దంలా అయ్యాయి. అంతకన్నా గుర్తేం కావాలి?" అంది సింగారమ్మ.

"బొరియ నీదేనమ్మా, కాదనను. నేనడిగేది అడవి సంగతి. నా కొండ చుట్టూ నా గుర్తుంది. ఆ లోయ చుట్టూ వీరభద్రం గుర్తుంది. మీది లేదు. గుర్తు లేని నేల ఎవరిదీ కాదు."

"మేం లేని రోజు అంటూ ఉంటే కదా, దొరా, గుర్తు పెట్టుకోవడానికి!"

దొర ఒక కన్ను తెరిచాడు. ఆ మాట ఎక్కడో తగిలినట్టే ఉంది. కానీ నీళ్లు చల్లగా, హాయిగా ఉన్నాయి. ఆ కన్ను మళ్లీ మూసుకుపోయింది.

"వానలు తగ్గాక నేనే వస్తాను. అందరి ముందూ తేలుస్తాను. అంతదాకా వీరభద్రం చూసుకుంటాడు. వెళ్లిరండి."

తిరిగివచ్చే దారిలో పండయ్య తిట్టని తిట్టు లేదు. ముత్తక్క అరుపు కూడా మర్చిపోయి నడిచింది. సింగారమ్మ మాత్రం నేరుగా బొరియలోకి వెళ్లి గోడకి వీపు ఆనించి కూర్చుంది. చల్లటి, నున్నటి గోడ. అమ్మ, అమ్మమ్మ, ఆవిడ అమ్మ... అందరూ ఇక్కడే వీపు ఆనించారు. బొరియ నీదేనమ్మా అన్నాడు దొర. చుట్టూ ఉన్న చెట్టు, పుట్ట, ఊట తనవి కానప్పుడు ఈ కన్నం ఏం చేసుకోవడానికి? ఆమెకి ఏడుపొచ్చింది. ముళ్లపంది ఏడిస్తే ముళ్లన్నీ గలగలమంటాయి. ఎవరైనా వింటారేమోనని ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

* * *

నాలుగు రోజులైనా గడవకముందే పై వాలులో పెళపెళమని చప్పుళ్లు మొదలయ్యాయి. సింగారమ్మ గబగబా ఎక్కి వెళ్లి చూసింది. ఏనుగుల గుంపు. మేస్త్రీ ఏనుగు భూపతి ఒక మద్దిచెట్టుకి నుదురు ఆనించి తోస్తున్నాడు. అవతల జీలుగు చెట్లు కూలి ఉన్నాయి, వాటి తలల్లోని లేత మొవ్వుల్ని గున్న ఏనుగులు లాక్కుని తింటున్నాయి.

"ఓ భూపతి బాబూ! ఎవర్నడిగి చేస్తున్నావీ పని?"

భూపతి మర్యాదగా ఆగాడు. "లోయ ఆసామి పిలిచాడమ్మా. వీరభద్రంగారు. జీలుగులన్నీ మీవే, తినండి. అడ్డమొచ్చినవి తోసేయండి అన్నాడు."

"ఈ వాలులో కొండని పట్టుకునున్నవి ఈ చెట్ల వేళ్లే. ఇవి పోతే కొండ జారుతుంది బాబూ."

భూపతి చెవులు ఊపి ఆలోచించాడు. "ఆసామికి తెలియకుండా ఉంటుందా అమ్మా? ఆయన నేల ఆయనిష్టం. మేం కూలివాళ్లం." మళ్లీ నుదురు ఆనించాడు.

కూలిన చెట్ల మధ్య, ఎప్పుడూ ఎండ ఎరగని నేల మీద ఎండ పడింది. దాక్కునే చోటు లేక రెండు అడవికోళ్లు అటూ ఇటూ పరిగెత్తాయి. అవి ఎటు వెళ్లాయో సింగారమ్మ చూడలేకపోయింది. ఆ తర్వాత వీరభద్రం మూతికి ఈకలు అంటుకుని కనిపించాడు.

ఆ తర్వాత రెండు రోజులు ఆగకుండా వాన కుమ్మరించింది. మూడోనాటి మధ్యాహ్నం, కొండ ఒళ్లు విరుచుకున్నట్టు ఒక మోత. పై వాలు పై వాలంతా ఎర్రటి బురదై కిందికి జారింది. బండలు, మోడులు, మట్టి అన్నీ కలిసి పండయ్య గుహ నోట్లో కూరుకుపోయాయి. పండయ్య తేనెకి వెళ్లాడు. గుహలో అతని కూతురు బుజ్జెమ్మ ఒక్కతే ఉంది.

ముత్తక్క అరిచిన అరుపుకి అవతలి కొండ కూడా అరిచింది. సింగారమ్మ పరిగెత్తుకొచ్చి తవ్వడం మొదలుపెట్టింది. పండయ్య వచ్చాడు. రెండు చేతులా మట్టి వెనక్కి విసురుతూనే ఉన్నాడు. గోళ్లు విరిగాయి. చివరికి బురదలోంచి ఒక నల్లటి ముక్కు బయటికొచ్చి గట్టిగా తుమ్మింది.

"నాన్నా, తేనె తెచ్చావా?"

పండయ్య కూతుర్ని ఎత్తుకుని అక్కడే బురదలో కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆ ముఖం చూస్తే తెలియలేదు.

వాన వెలిసింది. ముగ్గురూ బండ మీద చేరారు.

"ఇంక నన్ను ఆపకు అక్కా. వాణ్ని చీరేస్తాను," అన్నాడు పండయ్య.

"వెళ్లిపోదాం వదినా. పిల్లలు బతికుంటే చాలు," అంది ముత్తక్క.

"ఎక్కడికే?" అంది సింగారమ్మ. పండయ్య వైపు తిరిగింది. "నువ్వు వాణ్ని చీరేస్తే దొర నిన్ను చీరేస్తాడు. మనం వెళ్లిపోతే వాడు మిగిలిన కొండని కూడా దించేస్తాడు. కాసేపు ఆగండి. ఈ నీళ్లు ఎంతదూరం చెడ్డాయో చూసొస్తాను."

ఎర్రటి వాగు వెంబడే నడిచింది. జలపాతం ఎర్రగా దూకుతోంది. కిందికి దిగి చూసేసరికి పులిదొర మడుగు మడుగులా లేదు, కుండలు చేసే మట్టిగుంటలా ఉంది. అందులోంచి ఏదో ఎర్రటి జంతువు లేచి గట్టెక్కింది. అది దొరేనని గుర్తుపట్టడానికి సింగారమ్మకి కాస్త సమయం పట్టింది. ఒంటి మీద ఒక్క చార కూడా కనపడటం లేదు.

"నవ్వుతున్నావా?" అన్నాడు దొర.

"లేదు దొరా. చలికి ముళ్లు వణుకుతున్నాయి."

"ఈ బురద ఎవరి నేల మీంచి వచ్చింది? ఎవరి నేలైతే వాడే నాకు జవాబు చెప్పాలి. వాడి తోలు వలిచి ఈ బండ మీద ఆరేస్తాను! చెప్పు, ఎవరిది?"

సింగారమ్మ మనసులో లెక్క వేసుకుంది. నక్కది అంటే ఈ కోపం నక్క మీదికి పోతుంది. నిజమే. కానీ లోయ నక్కదేనని తన నోటితో తానే ఒప్పుకున్నట్టవుతుంది. రేపు ఈ నక్క పోతే ఇంకో నక్క వస్తాడు. మాది అంటే తోలు పోయేది తమకి. ఎటు చెప్పినా నష్టమే. అయితే ఈ ప్రశ్నకి జవాబు తనే చెప్పాలని ఎక్కడుంది?

"దొరా, ఆ నేల ఎవరిదో అందరి ముందూ తేలుస్తానని మీరే సెలవిచ్చారు. వాన కూడా వెలిసింది. రేపు పొద్దున్నే రండి. ముందు వీరభద్రంగారినే అడగండి. మమ్మల్ని ముందు అడిగితే, అడవి వాళ్లు భయానికి ఏదో వాగారంటారు. ఆయన చదువూ సంధ్యా ఉన్నవాడు, చట్టం తెలిసినవాడు. ఆయన మాట మీద నిలబడండి."

"వస్తాను. ఈ బురద కడుక్కోకుండానే వస్తాను," అన్నాడు దొర.

* * *

సింగారమ్మ తిరిగి కొండెక్కేసరికి వీరభద్రం ఒక కొత్త మోడు మీద పడుకుని పళ్లలో ఇరుక్కున్న ఈక తీసుకుంటున్నాడు.

"ఏం సింగారమ్మగారూ, మూటాముల్లే సర్దుకున్నారా?"

"సర్దుకోవడానికి ఏముంది బాబూ, ఒంటి మీది ముళ్లేగా. ఒక్కసారి నీకు దండం పెట్టుకుందామని వచ్చాను. మా మీద పడాల్సిన గండాన్ని నీ మీద వేసుకున్నావు."

వీరభద్రం ఈక వదిలేశాడు. "గండమా? ఏం గండం?"

"అయ్యో, తెలియదా? దొర మడుగు నిండా బురద. పాపం, ఒంటి మీద చారలు కూడా కనపడటం లేదు. ఇది ఎవరి నేల మీంచి వచ్చిందో వాడి తోలు వలిచి ఆరేస్తానని ఎగిరిపడుతున్నాడు. రేపు పొద్దున్నే ఇక్కడికే వస్తున్నాడు. ఒకే ఒక్క మాట అడగడానికట."

"ఏ మాట?"

"ఈ లోయ ఎవరిదీ అని. నీకేం, లోయ చుట్టూ నీ గుర్తులే. ఠక్కున చెప్పేయొచ్చు. మేమైతే తడబడేవాళ్లం."

చెప్పవలసింది చెప్పి, కాస్త కుంటినట్టు నడుస్తూ వెళ్లిపోయింది. అందులో ఒక్క అబద్ధం లేదు. అదే ఆమెకి బాగా నచ్చిన సంగతి. పండయ్యకి, ముత్తక్కకి మాత్రం ఒక్కటే చెప్పింది: "రేపు ఏమడిగినా నేనే మాట్లాడతాను. మీరు నోరు మూసుకోండి. ముత్తీ, ముఖ్యంగా నువ్వు."

ఆ సాయంత్రమంతా లోయవాళ్లు ఒక వింత చూశారు. వీరభద్రం తోక వాగులో ముంచి, పొలిమేర చెట్ల మొదళ్లు ఒక్కొక్కటే రుద్ది కడుగుతున్నాడు. ఒకచోట పోకపోతే పసుపుకొమ్ము వాసన వేసే ఆకులు తెచ్చి పులుముతున్నాడు.

"ఆసామీ, చెట్లకి తలంటు పోస్తున్నారా?" అని అడిగాడు భూపతి.

"నన్ను ఆసామీ అనకు!" అన్నాడు వీరభద్రం ఆయాసపడుతూ.

* * *

పొద్దున్నే అందరూ తేనెబండ దగ్గర చేరారు. దొర వచ్చాడు. బురద ఎండి ఒంటి మీద పెచ్చులు కట్టింది. అడుగు వేసినప్పుడల్లా ఒక పెచ్చు రాలుతోంది. ఎవరికీ నవ్వే ధైర్యం లేదు.

"వీరభద్రం! ఈ లోయ ఎవరిది?"

వీరభద్రం నేల మీద సాగిలపడ్డాడు. "ఇదేం ప్రశ్న దొరా? ఈ లోయ వీళ్లది! ఎలుగులది, ముళ్లపందులది, కొండగొర్రెలది!"

"నీ సంరక్షణ అన్నావు?"

"నేనా? నేను దారిన పోయేవాణ్ని దొరా. చూడ్డానికొచ్చాను."

సింగారమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, అలాగంటావేం బాబూ! మాకు గుర్తులేవీ లేవని దొరగారే అన్నారు. మాదని చెప్పుకోవడానికి మా దగ్గర ఏముంది?"

"ఏముందా!" వీరభద్రానికి ఊపొచ్చింది. "దొరా, ఒక్కసారి ఈ మద్దిచెట్టు చూడండి. అంత ఎత్తున ఆ గోళ్ల గీతలు చూశారా? పండయ్య ముత్తాత తేనెకి ఎక్కినప్పటివి. మాను పెరిగి గీతలు కూడా దానితో సాగాయి. ఆ రాతి మీద దారి చూశారా? కొండగొర్రెల డెక్కలకి రాయి అరిగి పల్లం పడింది. ఎన్ని తరాలు నడిస్తే రాయి అరుగుతుంది? ఇంక సింగారమ్మగారి బొరియ సంగతి చెప్పక్కర్లేదు, దాని గోడల్లో ముఖం చూసుకోవచ్చు!"

"నువ్వెప్పుడు చూశావు బాబూ మా గోడలు?"

"మీరు లేనప్పుడు... అంటే, విన్నాను తల్లీ."

దొర మెడ ఎత్తి గీతలు చూశాడు. వంగి రాతిదారి చూశాడు. లేచి వచ్చి చూడటం అతనికి కొత్త. 

"అయితే పొలిమేరలేవి?" అన్నాడు.

"తూర్పున ఈ తేనెబండ. పడమట జారుడురాయి. ఉత్తరాన ఊట పుట్టే గుహ. దక్షిణాన మీ మడుగులోకి దూకే జలపాతం!" గుర్తులు పెట్టినవాడు, కడిగినవాడు కూడా తనే కాబట్టి వీరభద్రం ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు.

"మరి జారుడురాయి అవతల వెదురుపొద?" అంది సింగారమ్మ నెమ్మదిగా. "మా అమ్మమ్మ అక్కడే దుంపలు తవ్వేది. కానీ సాక్ష్యం చెప్పేవాళ్లు లేరు."

"లేకేం, నేనున్నాను సాక్ష్యం! ఆ పొద కూడా వాళ్లదే దొరా. ఈ బురద జారిన వాలుతో సహా, మొత్తం వాళ్లదే!"

దొర సింగారమ్మ వైపు తిరిగాడు. గొంతులో మళ్లీ ఉరుము మొదలైంది. "అయితే నా మడుగు పాడుచేసిన బురదకి జవాబు చెప్పాల్సింది మీరే."

పండయ్య కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. ముత్తక్క అరుపుని గొంతులోనే పట్టుకుని వణుకుతోంది. వీరభద్రం ముఖంలోకి మాత్రం మళ్లీ రంగు వచ్చింది.  సింగారమ్మ ఒకడుగు ముందుకే వేసింది.

"చెబుతాం దొరా. బురద మా నేల మీంచే వచ్చింది. మీ మడుగు మళ్లీ తేటపడేదాకా చూసుకునే పూచీ మాది. ఈ లోయ మాదని మీ నోటితో ఒక్కసారి అనండి, తప్పించుకుంటే అడగండి."

"అంటున్నాను. ఈ లోయ మీది. సాక్షి వీరభద్రం."

"అయితే ఇప్పుడు లోయ తరఫున మా ఫిర్యాదు వినండి. మా ఇంట్లోకి మమ్మల్ని అడక్కుండా జొరబడి, మా కొండని పట్టుకునున్న చెట్లని కూలదోయించి, ఈ పసిపిల్లని గుహలో పూడ్చిపెట్టినంత పని చేసినవాడు ఒకడున్నాడు. వాడిని ఏం చేయమంటారు?"

 పులిదొర ఒంటి మీంచి ఒక పెచ్చు రాలింది.

"ఎవడు వాడు?"

భూపతి తొండం ఎత్తాడు. "తోసింది మేమే దొరా. అబద్ధమెందుకు? కానీ ఈ వీరభద్రంగారే లోయ నాది, తోసేయండి అన్నాడు. ఈ అమ్మ వద్దంది కూడా. మేం ఆసామి మాట విన్నాం. ఆసామి ఆయన కాదని ఇప్పుడే ఆయన నోటితోనే విన్నాం."

"దొరా, నేను... అడవిని కాపాడదామని..." అన్నాడు వీరభద్రం.

"దారిన పోయేవాణ్నన్నావే?" అన్నాడు దొర.

ఇంక ఆపుకోలేక ముత్తక్క అరిచేసింది. ఎంత గట్టిగా అరిచిందంటే దొర ఒంటి మీద మిగిలిన బురద కూడా రాలిపోయి చారలు బయటపడ్డాయి.

దొర నక్క తోలు వలవబోతుంటే సింగారమ్మే అడ్డం పడింది. "తోలు ఆరేస్తే మడుగు బాగుపడదు దొరా. పని చేయించండి."

అలా వీరభద్రానికి పని దొరికింది. మడుగులో బురదని ఏనుగులు తొండాలతో తోడుతుంటే, అడుగున మిగిలిన రాళ్లు ఒక్కొక్కటీ నోట కరుచుకుని గట్టెక్కించాలి. ఆ పని అయ్యాక వాలు మీద గుంతలు తవ్వాలి. తవ్వే గుంత ఎంత లోతుండాలో పండయ్య పక్కన కూర్చుని చెబుతాడు. పండయ్యకి లోతు ఒక పట్టాన నచ్చేది కాదు. భూపతి సిగ్గుపడి, తన గుంపు చేత అడవి లోపల్నుంచి జీలుగు పళ్లు, మద్ది కాయలు మోయించాడు. పక్షులు పిలవకుండానే తలా ఒక గింజ తెచ్చి పడేశాయి.

ఆ రోజే దొర లోయ చుట్టూ తిరిగి, నక్క చెప్పిన ప్రతి పొలిమేర దగ్గరా రాతి మీద తన గోళ్లతో లోతుగా గీశాడు. జారుడురాయి అవతల వెదురుపొద కూడా మర్చిపోలేదు.

"ఇక చాలా?" అన్నాడు.

"గీతలు గీతలే గానీ, మీ గొంతుతో కూడా ఒకసారి చెబితే బాగుంటుంది. రేపు ఇంకెవరో వచ్చి ఈ గీతలు గీసింది నేనే అంటే?"

దొర తేనెబండ ఎక్కి గర్జించాడు. "ఊటలోయ ఇక్కడ పుట్టినవాళ్లది! వాళ్లని అడక్కుండా లోపల అడుగుపెట్టినవాడు నాకు జవాబు చెప్పాలి!"

"మీరు కూడా అడుగుతారుగా దొరా?"

పండయ్య రెండు చేతులా కళ్లు మూసుకున్నాడు. దొర సింగారమ్మని చూశాడు. తర్వాత మీసాలు కదిలాయి.

"అడుగుతాను తల్లీ."

మాట తప్పలేదు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా గీత బయటే ఆగి, "సింగారమ్మా, రావచ్చా?" అని పిలిచేవాడు. పని లేకపోయినా సింగారమ్మ కాస్త ఆలస్యంగానే పలికేది. వాలు మీద మొక్కలు మొదట బుజ్జెమ్మ మోకాలి ఎత్తు వచ్చాయి, తర్వాత బుజ్జెమ్మ ఎత్తు వచ్చాయి, ఆ తర్వాత బుజ్జెమ్మ వాటి నీడలో పడుకుని తేనె తినడం మొదలుపెట్టింది. మడుగులో మళ్లీ అడుగు కనిపించింది.

వీరభద్రం గుంతలన్నీ తవ్వి, పొట్ట తగ్గి, కొండ దిగి ఎటో వెళ్లాడు. దూరాన ఇంకో పచ్చటి కొండ కనపడితే నోరూరి దాని మీదికి ఎక్కబోయాడట. పొలిమేర దగ్గర ఒక ముసలి ఉడుము తల ఎత్తి, "ఎవరు బాబూ? ఈ కొండ ఎవరిదో తెలుసా?" అని మామూలుగానే అడిగిందట.

"మీదే, మీదే, మొత్తం మీదే!" అంటూ వీరభద్రం వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తాడు.

నీతి: అడవిలో పుట్టి పెరిగినవాళ్ల హక్కు నిలబడితేనే అడవి నిలబడుతుంది.